వీపు నేలకు తాకిన తర్వాత

(మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా బిలోలి తాలూకా కుండల్‌వాడిలో, హోళీ వెళ్లిన ఆదివారం సాయంత్రం తాలీం, అంటే కుస్తీ బడి, పిల్లల ముందు ఒక రిటైర్డ్ పీటీ మాస్టారు చేసిన ప్రసంగం. ఫోన్ రికార్డింగ్ విని రాశాం. మధ్యమధ్య ఆయన మరాఠీలో అన్న మాటలను తెలుగులోకి మార్చాం.)

కూర్చోండి, కూర్చోండి. ముందు వరస పిల్లలు కొంచెం వెనక్కి జరగండి, హౌదా (కుస్తీ పట్టే మట్టి గుంట) గట్టు మీద కాళ్లు పెట్టొద్దు. నీలం అంగీ, నిన్నే, చెప్పులు తీసెయ్ తమ్మీ. మట్టి మొన్ననే తిరగేశారు. పసుపు, మజ్జిగ, నువ్వుల నూనె పోశారు, వాసన ఇంకా పోలేదు.

నాకు కాగితం మీద 'వ్యాయామం, క్రమశిక్షణ' అని రాసిచ్చారు. ఆ రెండిటి గురించి బళ్లో 30 ఏళ్లు చెప్పాను. వినేవాళ్లకు ఎంత విసుగో చెప్పేవాడికీ అంతే విసుగు. అందుకని కాగితం జేబులో పెట్టుకుని ఇంకో సంగతి చెప్తా. తెలుగులో చెప్పమన్నారు, మంచిదే. మీలో సగం మంది మరాఠీ బడి పిల్లలు, తెలుగు చదవలేరు. కానీ దెబ్బ తగిలితే 'ఓ అవ్వా' అని అరిచేది తెలుగులోనే కదా! (నవ్వులు)

పోయిన నెల ఈ తాలీం పిల్లే ఒకామె మా ఇంటికొచ్చింది. పేరు చెప్పను. ఇక్కడే కూర్చుంది, తల వంచుకుంది చూడండి, ఆమే. "సార్, నేను కుస్తీ వదిలేసి ఎంఎంఏలోకి పోతా. పుణెలో నేర్పుతారంట. మా నాయినకు మీరు చెప్పాలి" అంది. నేను ఆలోచించకుండా వద్దన్నాను. మా ఆవిడ చాయ్ తెచ్చేలోపే వద్దన్నాను. పిల్ల చాయ్ తాగకుండా వెళ్లిపోయింది. ఆ రాత్రి మా ఆవిడ అడిగింది, "నువ్వు ఆ ఆట ఎప్పుడైనా చూశావా?" అని. చూడలేదు. చూడనిదాన్ని వద్దన్నాను. అంత ఏళ్లు మాస్టారుగా చేసినవాడికి అది సిగ్గుచేటే. అప్పటినుంచి మా మనవడి ఫోన్ తీసుకుని మూడు వారాలు కూర్చున్నాను. కళ్లు మండాయి గానీ, చాలా నేర్చుకున్నాను.

వెనక నిలబడ్డ పెద్దల కోసం ఒక్క ముక్క. ఎంఎంఏ అంటే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్. కుస్తీ పట్టు పట్టొచ్చు, పిడికిలితో గుద్దొచ్చు, కాలితో తన్నొచ్చు, కింద పడ్డాక చెయ్యి మెలిపెట్టొచ్చు, మెడ బిగించొచ్చు. అన్నీ ఒక్క ఆటలోనే. ఇదెక్కడి పిచ్చి ఆట అని మొహం పెట్టకండి. సాలూర చెక్‌పోస్టు దాటితే తెలంగాణ వైపు హున్సా ఊరు ఎంత దూరం? మొన్న హోళీకి మీలో సగం మంది అక్కడే ఉన్నారు, నాకు తెలుసు. మధ్యాహ్నం కుస్తీలు. గెలిస్తే కొబ్బరికాయ ఇచ్చే కుస్తీతో మొదలై వెండి కడెం ఇచ్చే కుస్తీతో అయిపోతాయి. పొద్దు గూకేవేళకు ఊరి నడుమ తాడు కడతారు. రెండు జట్లు అటూ ఇటూ నిలబడి, ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో పిడిగుద్దులు. పది పదిహేను నిమిషాలు. ముక్కులు పగులుతాయి, పెదాలు చిట్లుతాయి. అయిపోయాక కామదహనం బూడిద రాసుకుని, గుద్దుకున్నవాళ్లే కావలించుకుని ఇళ్లకు పోతారు. ఆ మధ్యాహ్నం ఆటనూ సాయంత్రం ఆటనూ కలిపి, చుట్టూ జాలీ కట్టి, లోపల ఒక రెఫరీని పెడితే అదే ఎంఎంఏ. తేడా ఒకటుంది. హున్సాలో కుస్తీ పట్టినవాడు గుద్దులాటకు మనసు మార్చుకోవడానికి రెండు మూడు గంటలు దొరుకుతాయి. జాలీలో అర సెకను దొరకదు. ఆ అర సెకను గురించే నేను ఇవాళ చెప్పేది.

నేను ఎక్కువగా చూసింది రీతూ ఫొగాట్ ఫైట్లు. హర్యానాలో బలాలి ఊరు. మహావీర్ సింగ్ ఫొగాట్ కూతురు, గీత, బబితల చెల్లెలు. వాళ్ల మీద 'దంగల్' సినిమా వచ్చింది కాబట్టి అక్కలిద్దరూ మీకు తెలుసు, చెల్లెలి సంగతి తక్కువ తెలుసు. చిన్నప్పటినుంచే తండ్రి చేతికింద కుస్తీ, పదో తరగతితో చదువు ఆపేసింది. (చదువు ఆపడం గురించి మీ అమ్మానాన్నలు నన్ను తిట్టకండి, జరిగింది చెప్తున్నా.) 48 కిలోల బరువులో ఆడేది. 2016లో సింగపూర్‌లో కామన్వెల్త్ కుస్తీ చాంపియన్‌షిప్‌లో బంగారం. ఆ ఏడాది చివర్లో ప్రొ రెజ్లింగ్ లీగ్ వేలంలో 36 లక్షలు పలికింది. 2017 నవంబర్‌లో పోలండ్‌లో 23 ఏళ్లలోపు వాళ్ల ప్రపంచ పోటీల్లో వెండి. ఏ లెక్కన చూసినా పైకి పోతున్న పైల్వానే.

మరి ఎందుకు వదిలింది? ఎంఎంఏలో ప్రపంచ టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలు కావాలని ఉందని తనే చెప్పింది. నాకు ఇంకో ఊహ ఉంది, ఊహగానే వినండి. 2018లో ఆడవాళ్ల కుస్తీలో 48 కిలోలు తీసేసి 50 కిలోలు పెట్టారు. ఆ 50 కిలోల్లోనే అదే ఏడాది జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చింది వినేశ్, రీతూకి చిన్నాన్న కూతురు. ఒకే ఇంటి గడప, ఒకే బరువు. దేశం నుంచి పోయేది ఒక్కరే. మన దగ్గర అన్నదమ్ములు ఒకే కడెం కోసం ఎదురుపడితే ఏం చేస్తారు? ఒకడు బరువు మారుస్తాడు, లేదంటే ఊరు మారుస్తాడు. ఈమె ఏకంగా ఆటే మార్చింది.

2019 ఫిబ్రవరిలో సింగపూర్ వెళ్లి, ఎంఎంఏ పోటీలు పెట్టే వన్ చాంపియన్‌షిప్ అనే కంపెనీలో చేరింది. ఆ నవంబర్ 16న బీజింగ్‌లో మొదటి ఫైట్, కొరియా అమ్మాయి కిమ్ నామ్ హీతో. ఆ ఫైట్ నేను పది సార్లు చూశాను, ఎందుకంటే అందులో కనిపించేది మన కుస్తీయే. దూరం కొలవడం, కిందికి వంగి దూసుకుపోవడం, రెండు కాళ్లు కలిపి ఎత్తి పడేయడం. మట్టిలో మీరు రోజూ చేసేదే. పడేశాక పైనెక్కి గుద్దుతూ కూర్చుంది, రెఫరీ మొదటి రౌండ్లోనే ఆపేశాడు. నెలల కిందట గుద్దడం నేర్చుకున్న మనిషి! ఆ గుద్దుల్లో అందం లేదు, నిజం చెప్పాలంటే గోధుమపిండి పిసికినట్టుంది. కానీ కింద ఉన్నామె లేవలేకపోతే అందంతో పనేముంది? అట్లా 2020 డిసెంబర్ దాకా వరసగా నాలుగు గెలిచింది. వాటిలో మూడు రెఫరీ ఆపేసినవే.

అయిదోదానిలో ఓడింది. 2021 మేలో, బీ న్యూయెన్ చేతిలో. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు అటు, ఒకరు ఇటు. మన పిల్లలు చూస్తే "పడేసింది రీతూ కదా, గెలిచిందెట్లా ఆమె?" అంటారు. ఫ్రీస్టైల్ కుస్తీ లెక్క మన నరాల్లో ఉంటుంది. పడేస్తే రెండు పాయింట్లు, పది పాయింట్ల తేడా వస్తే ఆట క్లోజ్. మూడేసి నిమిషాలు రెండు సార్లు, మొత్తం ఆరు నిమిషాలు. అక్కడ అయిదేసి నిమిషాల మూడు రౌండ్లు, పైగా జడ్జీలు మొదట చూసేది ఎవరు ఎవరిని ఓటమి దగ్గరికి తెచ్చారు, ఎవరికి ఎక్కువ దెబ్బలు పడ్డాయి అని. పడేయడం ఆ వరసలో ఎక్కడో కింద ఉంటుంది. పడేసి ఊరుకుంటే అది పడేసినట్టు కాదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. కుస్తీలో మనకు అన్నిటికంటే పెద్ద భయం ఏంటి?

(పిల్లలు: "చిత్!")

ఆఁ. చిత్ కావడం. వీపు మట్టికి తాకడం. తెలుగులో చిత్తు చేశాడంటాం, మరాఠీలో చీత్‌పట్ అంటారు, ఆస్మాన్ చూపించాడంటారు. అందుకే వీపు తాకేటట్టుంటే పాములా తిరిగి బోర్లా పడతాం. నీ వస్తాద్ మొదటి రోజు నేర్పేది అదే. బోర్లా పడ్డావా, బతికావు. బోర్లా పడి మట్టి కరుచుకుని పది నిమిషాలు పడుకుని, చివరికి బరాబర్, అంటే సమానం, చేసుకుని లేచిన పైల్వాన్లను నేను చూశాను. నేనూ పడుకున్నాను, దాచేదేముంది.

ఇప్పుడు ఇద్దరు లేవండి. నువ్వూ, ఆ పక్కనున్న ఎర్ర లంగోటి. మట్టికి దండం పెట్టి దిగండి. నువ్వు బోర్లా పడుకో. నువ్వు వాడి వీపెక్కు, కాళ్లు రెండూ వాడి తొడల్లోకి దూర్చు. ఇప్పుడు కుడిచెయ్యి గడ్డం కిందినుంచి తెచ్చి, మోచెయ్యి సరిగ్గా గొంతు ముందుండేట్టు పెట్టి, ఎడమచేతి కండ పట్టుకో. మెల్లగా. మెల్లగా అన్నాను! వదిలెయ్. ఏమైంది తమ్మీ? కళ్ల ముందు చుక్కలు కనిపించాయి కదా. మెడ పక్కనుంచి తలకు రక్తం పోయే దారి మూసుకుపోతుంది, కొన్ని సెకన్లు చాలు. మనం ప్రాణం దక్కించుకోవడానికి పడే భంగిమ ఉంది చూశారా, అక్కడ ప్రాణం ఇచ్చేది అదే భంగిమలో. 2022 సెప్టెంబర్‌లో టిఫనీ టియో రీతూను ఇదే పట్టుతో మొదటి రౌండ్లో ఓడించింది. చిన్నప్పటినుంచి తండ్రి నేర్పిన అలవాటు ఒకవైపు, మూడేళ్ల జిమ్ ఒకవైపు. అర సెకనులో ఏది బయటికొస్తుంది మీరే చెప్పండి.

నేను అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది ఇంకో ఫైట్ గురించి. 2021లో ఆ కంపెనీ ఎనిమిది మంది ఆడవాళ్లతో గ్రాండ్ ప్రి అనే నాకౌట్ పోటీ పెట్టింది. సెప్టెంబర్‌లో మెంగ్ బో అనే చైనా అమ్మాయితో, అక్టోబర్‌లో ఫిలిప్పీన్స్‌కు చెందిన జెనెలిన్ ఓల్సిమ్‌తో, రెండూ జడ్జీల నిర్ణయంతో రీతూ గెలిచింది. డిసెంబర్ 3న ఫైనల్. ఎదురుగా స్టాంప్ ఫెయిర్‌టెక్స్, థాయిలాండ్ పిల్ల. వాళ్ల ఆట ముయ్ థాయ్, అంటే మోకాలు, మోచెయ్యి, పిడికిలి, కాలు. నిలబడి కొట్టడంలో చాంపియన్. అందరి లెక్కా ఒకటే: నిలబడితే స్టాంప్, కింద పడితే రీతూ.

రెండో రౌండ్లో కింద పడ్డారు. పైన రీతూ, కింద స్టాంప్. స్టాంప్ వీపు పూర్తిగా నేల మీద ఉంది. మన జాతరలో అయితే ఇంకేముంది, డోలు మోగిపోయేది, ఎవరో ఒకరు పైల్వాన్‌ని భుజాలకెత్తుకునేవారు. కానీ ఆ వీపు మీద పడుకున్న పిల్ల రెండు కాళ్లనూ చేతుల్లా వాడింది. మొదట మెడకూ చేతికీ కలిపి కాళ్లతో కత్తెర వేయబోయింది, అక్కడినుంచి నడుము పక్కకు తిప్పి, ఒక కాలు మొహం మీదుగా వేసి, రీతూ చెయ్యిని తొడల మధ్య ఇరికించి నడుము పైకి ఎత్తింది. మోచెయ్యి వెనక్కి వంగుతుంది అప్పుడు, తలుపు కీలు ఉల్టా తిప్పినట్టు. రీతూ తట్టింది. తట్టడమంటే ఒప్పుకున్నట్టు. కుస్తీలో మనలాంటివాళ్లు చిన్నప్పటినుంచి భయపడేదే స్టాంప్ చేసింది, వీపు నేలకు ఆనించి పడుకుంది. పడుకుని గెలిచింది. తన్నుల పిల్ల కుస్తీ పిల్లను నేల మీద గెలిచింది!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఓడినందుకు కాదు. నా 60 ఏళ్ల జ్ఞానంలో 'చిత్ అయ్యాక ఇంకేమీ లేదు' అనేది మొదటి వాక్యం. అది ఈ హౌదాలో నిజం. నాలుగడుగులు అవతల నిజం కాదు.

మనోళ్లు వెంటనే అనే మాట నాకు తెలుసు. "చూశారా, వేరే ఆటకు పోతే ఇంతే." ఆగండి. మన మహారాష్ట్ర మనిషి ఖాశాబా జాధవ్‌ను గుర్తు చేసుకోండి. కరాడ్ దగ్గర గోళేశ్వర్. మట్టిలో పెరిగిన పైల్వాన్. 1948లో లండన్ ఒలింపిక్స్‌కు పోతే అక్కడ మట్టి లేదు, మ్యాట్ ఉంది. రూల్సు వేరు, కాలి కింద నేలే వేరు. ఆరో స్థానం. అప్పుడు కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు, ఎర్రమట్టి పైల్వాన్‌కు పరుపు మీద ఏం పని అని. నాలుగేళ్లకు హెల్సింకీలో కాంస్యం, స్వతంత్ర భారతానికి మొదటి వ్యక్తిగత ఒలింపిక్ పతకం. అమెరికాలో హెన్రీ సెహుడో, 2008 బీజింగ్‌లో 55 కిలోల ఫ్రీస్టైల్ బంగారం. ఎంఎంఏకి పోయి 2016లో డిమెట్రియస్ జాన్సన్ చేతిలో మొదటి రౌండ్లోనే దెబ్బ తిన్నాడు. ఒకరినొకరు పట్టుకున్న చోటే, కుస్తీవాడికి సొంత ఇల్లులాంటి చోటే, కడుపులో మోకాళ్లు దిగాయి. 2018 ఆగస్టులో అదే జాన్సన్‌ను ఓడించి చాంపియన్ బెల్టు గెలిచాడు.

రీతూకు అట్లా రెండో చాన్సు చేతికి రాలేదు. పెళ్లి, బిడ్డ, రెండేళ్లకు పైగా ఆటకు దూరం. 2025 ఫిబ్రవరిలో ఖతార్‌లో తిరిగొచ్చింది. ఎదురుగా అయాకా మియురా, జపాన్ జూడో మనిషి. మళ్లీ మొదటి రౌండే, మళ్లీ చెయ్యే, ఈసారి తలనూ చేతినీ కలిపి బిగించి భుజం మెలిపెట్టింది. అప్పటికి లెక్క ఏడు గెలుపులు, నాలుగు ఓటములు. నాలుగిట్లో మూడు నేల మీద, పట్టులో. ఏ నేల మీద తనకంటే మొనగత్తె లేదనుకున్నారో ఆ నేల మీదే.

దీన్ని ఫెయిల్ అని ఒక మాటలో తేల్చేవాళ్లతో నాకు పేచీ. ఏడు గెలుపులు ఎక్కడినుంచి వచ్చాయి? ఆ దూసుకుపోవడం, ఆ ఎత్తి పడేయడం, ఆ ఊపిరి, అన్నీ బలాలి మట్టిలోవే కదా. మట్టి ఆమెను జాలీ లోపలికి తీసుకెళ్లింది. లోపలికెళ్లాక కొన్ని మరిచిపోవాలి, మరిచిపోవడానికి నేర్చుకున్నంత కాలమూ పట్టొచ్చు. అది ఆమెకు దొరకలేదని నా అభిప్రాయం.

ఇక డబ్బు, దెబ్బలు. దీన్ని తొందరగా చెప్పేస్తా, చీకటి పడుతోంది. నాకు 22 ఏళ్లప్పుడు ఒక జాతరలో భుజం జారింది. ఊరి పేరు చెప్పను, వాళ్ల వియ్యంకులు ఇక్కడున్నారు. (నవ్వులు) 51 రూపాయలూ కొబ్బరికాయా చేతిలో పెట్టి ఎడ్లబండి ఎక్కించారు. కొబ్బరికాయ పెట్టింది కూడా జారిన చేతిలోనే. డాక్టర్ లేడు, కట్టు కట్టే మనిషి భుజం ఎక్కించాడు. ఇప్పటికీ కూరగాయల సంచి ఎడమచేత్తోనే మోస్తాను. కాబట్టి బిడ్డా, పుణెలో ఆ జిమ్ముకు పోతే నువ్వు మొదట అడగాల్సింది బెల్టు గురించి కాదు. ఫైట్ దగ్గర డాక్టర్ ఉంటాడా, ఆస్పత్రి ఖర్చు ఎవరిది, సంతకం పెట్టమనే కాగితం నీకు అర్థమయ్యే భాషలో ఉందా. బరువు తగ్గడానికి నీళ్లు మానెయ్యమంటారా అని కూడా అడుగు. రీతూ ఆడిన కంపెనీలో ఒంట్లో నీటి శాతానికి పరీక్ష పెడతారు, ఎండిపోయి తూకం ఎక్కితే ఒప్పుకోరు. అది మంచి పద్ధతి. మన దగ్గర తూకానికి ముందు రోజు ఉమ్మి ఉమ్మి బరువు తగ్గించే పిల్లలున్నారు, వాళ్లెవరో నాకు తెలుసు, ఇంటికెళ్లి గంజి తాగండి.

మీ నాయిన వెనక వేపచెట్టు దగ్గర నిలబడ్డాడు. నేను రమ్మన్నానే. అన్నా, మీ బిడ్డ నన్ను సిఫారసు అడిగింది. ఇప్పుడు నేను వద్దనడం లేదు, పంపమనీ అనడం లేదు. ఒకటి చూపిస్తా, చూసి మీరే అనుకోండి.

రా బిడ్డా, దిగు. ఎర్ర లంగోటి, నువ్వు ఉండు, నువ్వు ఆమె పైన. బిడ్డా, వీపు మీద పడుకో. పడుకో అంటే పక్కకు తిరుగుతుంది చూడండి! మెడ ఎత్తేస్తోంది, భుజం ఎత్తేస్తోంది. ఆరేళ్ల అలవాటు. చూశావా అన్నా, మంచి పైల్వాన్ అంటే ఇట్లా ఉంటది. పడుకో బిడ్డా, ఇక్కడ ఎవరూ చిత్ అనరు. వీపు ఆనించు. మొత్తం. మట్టి చల్లగా తగలాలి. ఆఁ. ఇప్పుడు వాడి మణికట్టు రెండు చేతులా పట్టుకుని ఛాతీకి హత్తుకో. వాడి బొటనవేలు ఆకాశం వైపు ఉండాలి. నడుము పక్కకు. ఇంకా. ఎడమకాలు వాడి మొహం మీదుగా. మోకాళ్లు దగ్గరికి బిగించు. ఇప్పుడు నడుము మెల్లగా పైకి.

తమ్మీ, నొప్పి వస్తే చేత్తో తట్టు. మగతనం చూపించకు, తట్టు.

తట్టాడు. వదిలెయ్ బిడ్డా.

ఇప్పుడు వాడు కింద, నువ్వు పైన. నీ చెయ్యి వాడికి దొరక్కుండా ఎట్లా లేస్తావో చూద్దాం.